మచ్చలేని పేజీ

కోళ్ళకీ మేకలకీ మందులు తయారుచేసే ఆ కంపెనీలో అందరికంటే ఎక్కువ చదివేదీ, అందరికంటే తక్కువగా లెక్కలోకి వచ్చేదీ ఒక్కరే. ఆయన్ని భూతద్దం గారు అనేవారు. సీసాకి అంటించే చీటీ మొదలుకొని డబ్బాలో మడిచి పెట్టే కాగితం దాకా, అచ్చుకి వెళ్ళే ప్రతి ముక్కా ముందు ఆయన బల్ల మీద పడాలి, ఆయన చేత నాలుగు తిట్లు తినాలి, ఆ తర్వాతే గుమ్మం దాటాలి. అచ్చుతప్పు ఆయన్ని చూడగానే హడలిపోయి కాగితం వెనక్కి జారుకునేదనీ, అక్కడ చలికి తుమ్మేదనీ, ఆ తుమ్ము విని ఆయన ఎర్ర పెన్సిలుతో పొడిచేవాడనీ ఆఫీసులో చెప్పుకునేవారు. తుమ్ము సంగతికి ఎవరూ పూచీ పడరు. పొడవడం మాత్రం నిజం.

ప్రూఫు దిద్దడం ఒంటి మనిషి పని కాదని ఆయన పట్టుదల. ఒకరు అసలు ప్రతి పట్టుకుని గట్టిగా చదవాలి. కామా వస్తే కామా అనాలి, చుక్క వస్తే చుక్క అనాలి. రెండోవారు అచ్చుకాగితం మీద వేలు పెట్టి ఆ గొంతు వెంట నడవాలి. గొంతూ వేలూ ఎక్కడ విడిపోతే అక్కడ తప్పున్నట్టు. సీసం అక్షరాలు చేత్తో పేర్చే రోజుల్లో నేర్చుకున్న పద్ధతి అది, నలభై ఏళ్ళుగా వదల్లేదు. ఇక్కడ గొంతు ఫోనమ్మది. ఫోనమ్మ అంటే గుమ్మం పక్కన టెలిఫోను బల్ల దగ్గర కూర్చునే ఆవిడ. రోజూ మధ్యాహ్నం ఫోన్లు సద్దుమణిగాక ఆవిడ చదివేది, ఆయన వేలు నడిపేవాడు. దారినపోయేవాళ్ళు విని, వీళ్ళకేదో దయ్యం పట్టిందనుకునేవారు. పట్టదూ మరి! "మేకకి పూటకి ఒక మూత కామా ఆవుకి మూడు మూతలు చుక్క" అని ఇద్దరు పెద్దమనుషులు గంటసేపు వల్లిస్తూ కూర్చుంటే.

కంపెనీ పెట్టిన పెద్దాయన విశ్రాంతికి వెళ్ళాక ఆయన పెద్దకొడుకు కుర్చీ ఎక్కాడు. ఈయనకి తళతళ అని పేరు పడింది. బల్ల మీద కాగితం ఉంటే ఆయనకి తలనొప్పి, గోడకి మేకు ఉంటే కడుపునొప్పి. నేల మీద తన నీడ పడినా తుడిపించబోయాడనీ, తుడిచే ఆవిడ ఎంత రుద్దినా పోకపోయేసరికి ఆవిణ్ణే కోప్పడ్డాడనీ అనేవారు. అలాంటి మనిషి కళ్ళకి డబ్బాలో మడిచి పెట్టే కాగితం ఆనుతుందా? మొదటి నెలలోనే దాన్ని ఎత్తేయించాడు.

"ఇక కాగితాలు వద్దు. డబ్బా మీద ఒక గళ్ళ గుర్తు వేద్దాం. ఫోను చూపిస్తే మన వెబ్ పేజీ తెరుచుకుంటుంది. ఎంత మందు వెయ్యాలో అందులోనే చూసుకుంటారు" అన్నాడు.

సరే, బాగానే ఉంది. చూసుకుందామంటే పేజీలో ఏముంది?

వెబ్ పేజీకి పుట్టుకతోనే ఒక జబ్బుంది. కొన్ని గుర్తుల్ని అది తన సొంత ఆస్తి అనుకుంటుంది. లెక్కల్లో తక్కువ, ఎక్కువ అని చెప్పడానికి నోరు తెరిచిన కాకిముక్కుల్లాంటి గుర్తులు రెండున్నాయి కదా, ఒకటి ఇటు తిరిగీ ఒకటి అటు తిరిగీ. ఆ రెండింటి మధ్య ఏది కనిపించినా "ఇది నాకు పెట్టిన ఆజ్ఞ, చూసేవాడికి కాదు" అని గుటుక్కున మింగే రకం అది. మరియు అనడానికి బదులు వేసే మెలిక గుర్తుతో కూడా ఇలాంటి పేచీయే. అందుకని ఆ గుర్తుల్ని మారువేషం వేసి పంపాలి. కాకిముక్కు స్థానంలో ముందొక మెలిక, దాని వెనక రెండో మూడో ఇంగ్లీషు అక్షరాలు, చివర ఒక సెమీకోలన్. చూసేవాడి ఫోను ఆ వేషం విప్పి అసలు గుర్తును చూపిస్తుంది. ఒకసారి వెయ్యాలి, ఒకసారి విప్పాలి. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

కానీ అది ఆఫీసు. ఆఫీసులో ఒక పనిని ఒకరే చేస్తే మిగతావాళ్ళకి నామోషీ. పేజీలోకి వెళ్ళే ప్రతి ముక్కా మూడు బల్లలు దాటాలి. మొదటి బల్లవాడు జాగ్రత్త కోసం వేషం వేసేవాడు. వేషంలోనే ఒక మెలిక ఉంది కదా, రెండో బల్లవాడు ఆ మెలికకి ఇంకో వేషం వేసేవాడు. మూడో బల్లవాడు నేనేం తక్కువ తిన్నానా అని దాని మీద మరొకటి. చూసేవాడి ఫోను పాపం ఒక్క వేషమే విప్పగలదు. మిగిలిన గుడ్డలన్నీ పేజీ మీద ఆరేసినట్టు కనిపించేవి. కంపెనీ బోర్డు మీది పేరులో తండ్రి, కొడుకులు అన్న మాటల మధ్య ఒక మెలిక ఉండేది. వారం వారం మార్పుల కోసం పేజీ తెరిచి మూసినప్పుడల్లా ఆ మెలిక వెనక ఏ, ఎమ్, పీ అనే మూడక్షరాలు కొత్తగా మొలిచేవి. ఆరు వారాలు తిరిగేసరికి తండ్రి పేజీకి ఈ చివర, కొడుకులు ఆ చివర. అంత దూరం ఏ కుటుంబంలోనూ ఉండదు. ఆంప్ గారెవరో కొత్త భాగస్తుడనుకుని ఒకాయన ఏకంగా ఆయన పేర ఉత్తరమే రాశాడు. ఆంప్ గారు సెలవులో ఉన్నారని ఫోనమ్మ జవాబిచ్చింది.

భూతద్దం మీటింగులో లేచి నిలబడి చెప్పాడు. "వేషం వెయ్యడం ఒక్క బల్లకే అప్పజెప్పండి బాబూ. మిగతా ఇద్దర్నీ చేతులు కట్టుకుని కూర్చోమనండి. అయిపోతుంది."

"మీరు సీసం అక్షరాల కాలం మనిషి. ఇది మీకు అర్థం కాదు" అన్నాడు తళతళ, మొహం మీద ఈగ వాలినట్టు చెయ్యి విదిలిస్తూ.

అర్థమయ్యే మనిషిని పిలిపించారు. ఆయన్ని అందరూ ఎక్స్‌పర్టు గారు అన్నారు కాబట్టి ఆయనకి వేరే పేరు అవసరం రాలేదు. మాట్లాడేటప్పుడు గాలిలో బొమ్మలు గీసేవాడు. మూడు బల్లల జోలికి పోలేదు, మూడింటి దగ్గరా కూర్చున్నవాళ్ళతోనూ కాఫీ తాగాలి కదా. ఆఖరి గుమ్మం దగ్గర ఒక చీపురు పెడతానన్నాడు. చీపురంటే ప్రోగ్రామే.

"వచ్చిన ముక్కకి ఎన్ని వేషాలుంటే అన్నీ విప్పేస్తుంది. విప్పాక కాకిముక్కుల మధ్య ఏముంటే అది యంత్రానికి సంబంధించిన చెత్త. మొత్తం ఊడ్చేస్తుంది. పేజీ అద్దంలా ఉంటుంది."

"ఊడ్చిందేంటో ఎవరు చూస్తారు?" అన్నాడు భూతద్దం.

"చెత్తని ఎవరైనా చూస్తారా అంకుల్?"

అందరూ నవ్వారు. తళతళ అందరికంటే ఒక క్షణం ఎక్కువ నవ్వి, నవ్వు ఆపి, "ఇకమీదట వెబ్ పేజీ ప్రూఫు మీరు చూడక్కర్లేదు. సీసా చీటీలున్నాయిగా, అవి చూసుకోండి చాలు" అన్నాడు.

భూతద్దానికి ఒళ్ళు మండింది. నలభై ఏళ్ళ ఎర్ర పెన్సిలుని పట్టుకుని చీటీలు చూసుకోమంటాడా! అంకుల్ అనిపించుకోవడం దానికి అదనం. "ఆ పేజీ మొహం చూస్తే ఈ కళ్ళద్దాలు నేనే పగలగొట్టుకుంటాను" అని బల్ల గుద్ది బయటికి నడిచాడు.

చీపురు పని మొదలుపెట్టిన రోజు తళతళ, ఎక్స్‌పర్టు కలిసి పేజీని గోడమీద దుప్పటంత వెడల్పున వేయించి, సున్నం వేసిన గోడని చూసినట్టు నాలుగడుగులు వెనక్కి జరిగి చూశారు. ఒక్క ఆంప్ లేదు, ఒక్క మచ్చ లేదు. చదవలేదు. చూశారు.

మర్నాడు మధ్యాహ్నం ఫోనమ్మ మెల్లిగా కదిపింది. "బాబాయ్ గారూ, పాత కాగితం నా దగ్గరుంది. నేను చదువుతా, మీరు ఫోన్లో వేలు పెట్టండి. ఒక్క పది నిమిషాలు."

"నా కళ్ళద్దాలకి ఇంకా వాయిదాలు తీరలేదమ్మా, పగలగొట్టుకోలేను."

"పంతం ఎవరి మీద?"

"వాళ్ళ మీదే."

"పేజీ చదివేది వాళ్ళు కాదుగా" అని గొణుక్కుంటూ ఆవిడ కాగితాన్ని సొరుగులో పెట్టేసింది. ఆయన వినిపించుకోలేదు. పద్నాలుగు రోజులు సీసా చీటీలు దిద్దాడు. వాళ్ళు ఎప్పుడు బోల్తా పడతారా, ఎప్పుడు వచ్చి బతిమాలతారా అని లోలోపల పళ్ళు నూరుతూ, కొంచెం సంబరపడుతూ కూడా గడిపాడు.

పదిహేనో రోజు మూడు గంటలకి చెల్లెలు ఫోన్ చేసింది. ఆవిడకి ఊరి చివర కోళ్ళ షెడ్డు ఉంది. రెండు వేల కోడిపిల్లల్ని తెచ్చి దింపి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. చేతిలో ఉన్నదంతా, మొగుడి మాట కాదని, ఆ షెడ్డులోనే పోసింది.

"ఏం అన్నయ్యా, బతికే ఉన్నావా? అలక పూర్తయిందా, ఇంకా సగంలో ఉందా?"

"ఎందుకు చేశావో చెప్పు."

"దెప్పడానికే చేశా. మీ పేజీ బాగుపడిందిగా! ఈసారి నిన్ను బతిమాలే పని లేకుండా ఎంత మందు వెయ్యాలో నేనే చూసుకున్నా."

"నువ్వు నన్ను బతిమాలడమేంటే?"

"మరి? ప్రతిసారీ నీకు ఎందుకు ఫోన్ చేసేదాన్ననుకున్నావు? ఆ కాగితంలో కాకిముక్కు ఎటు తిరిగితే తక్కువో, ఎటు తిరిగితే ఎక్కువో నాకు ఏనాడు తెలిసి చచ్చింది గనక!"

పిల్లలు దింపిన ప్రతిసారీ చెల్లెలు అభిమానం కొద్దీ ఫోన్ చేస్తోందని ఇన్నేళ్ళూ మురిసిపోయాడు భూతద్దం. అంతలో వేరే సంగతి తట్టింది.

"ఏమని ఉంది పేజీలో?"

"శుభ్రంగా ఒకే ముక్క. బకెట్టు నీటికి, పిల్లల వయసు పది రోజులైతే ముప్ఫై చుక్కలు. మనవాటికి రేపటికి పది. ఒక్క రోజుకేముందిలే అని ఇవాళే కలిపేశా. ఐదింటికి పెడతా."

భూతద్దం కుర్చీలోంచి లేచిన చప్పుడుకి పక్క గదిలోవాళ్ళు తొంగి చూశారు. ఆ కాగితం ఆయన చేతిమీదుగా నూటికి పైగా సార్లు అచ్చయింది. కళ్ళు మూసుకుంటే కామాలతో సహా కనిపిస్తుంది. పది రోజుల లోపు పిల్లలకి ఐదు చుక్కలు. ముప్ఫై అనేది ఆ తర్వాతి మాట.

"ఐదే! ఐదు చుక్కలు! ఆ నీళ్ళు పారబొయ్యి!"

"పేజీలో ఐదనేదే లేదు."

"పేజీని కాల్చు. ముందు పారబొయ్యి, నేను చూస్తూ ఉండగా పొయ్యి."

"ఫోన్లో ఎట్లా చూస్తావు?"

"వింటా. పొయ్యి."

దబదబమని నీళ్ళ చప్పుడు వినిపించింది. ఇరవై బకెట్లు. అన్నీ లెక్కపెట్టేదాకా ఫోను చెవి దగ్గర్నుంచి తియ్యలేదు. చివరి బకెట్టయ్యాక చెల్లెలు గొంతు మారింది. "అన్నయ్యా, నేను ఊరికే దెప్పుదామని చేశాను. చెయ్యకపోయుంటే?"

భూతద్దం ఫోను పెట్టేసి, కళ్ళద్దాలు సవరించుకుని, పద్నాలుగు రోజుల తర్వాత మొదటిసారి ఫోన్లో ఆ పేజీ తెరిచాడు. చీపురు నిర్వాకం ఒక్క చూపులో అర్థమైంది. తక్కువ అనే కాకిముక్కు దగ్గర మొదలుపెట్టి, ఎక్కువ అనే కాకిముక్కు దాకా మధ్యలో ఉన్నదంతా చెత్త అనుకుని ఊడ్చిపారేసింది. ఆ చెత్తలోనే ఐదు చుక్కలున్నాయి. ఊడ్చగా మిగిలిన ముక్కలు రెండూ ఎంత చక్కగా అతుక్కున్నాయంటే, మధ్యలో ఒక మాట ఉండేదన్న అనుమానం దేవుడిక్కూడా రాదు. పాత మురికి పేజీయే నయం. దాన్ని చూసినవాడు ఇదేం ఖర్మరా అని ఫోన్ చేసి అడిగేవాడు.

ఈ వారం పిల్లల్ని దింపిన షెడ్లు చాలావరకు సాయంత్రం ఐదింటికే నీళ్ళు పెడతాయి. ఫోనమ్మ సొరుగులోంచి పాత కాగితం తీసుకుని ఆయన తళతళ గది వైపు పరుగులాంటి నడక నడిచాడు.

లోపల తళతళ, ఎక్స్‌పర్టు గోడమీద అదే పేజీని వేసుకుని మురిసిపోతున్నారు. పేజీ పక్కన ఒక పచ్చటి ఆకు బొమ్మ పెడితే ఎలా ఉంటుందన్నది అప్పటి చర్చ.

"తలుపు కొట్టి రావాలని తెలీదా?" అన్నాడు తళతళ.

"తలుపు కొట్టే టైము లేదు బాబూ. ఆ పేజీ తియ్యించండి. ఇప్పుడే."

"ఎందుకు? మచ్చ ఎక్కడుందో చూపించండి."

"మచ్చ లేదు. వచ్చిన చిక్కే అది."

"తప్పు లేకపోవడం కూడా తప్పేనా అంకుల్?" అన్నాడు ఎక్స్‌పర్టు.

"నువ్వు ఒక్క నిమిషం ఆ నోటికి తాళం వేసుకో నాయనా." భూతద్దం కాగితాన్ని తళతళ చేతిలో పెట్టాడు. "చదవండి. గట్టిగా. గుర్తులతో సహా."

"నేనా?"

"ఫోనమ్మ ఫోను దగ్గరుంది. ఇవాళ గొంతు మీదే."

తన కంపెనీ కాగితాన్ని తళతళ అంత దగ్గరగా పట్టుకోవడం అదే మొదలు. ముక్కు చిట్లించి చదివాడు. "బకెట్టు నీటికి, రెండు చుక్కలు..."

"అది కోలన్."

"కోలన్. పిల్లల వయసు... ఇక్కడ ఏదో ముక్కుంది."

"దాని పేరు చెప్పండి."

"ఎక్కువ."

"తక్కువ సార్" అన్నాడు ఎక్స్‌పర్టు.

"నోరు ఇటు తెరిచిందిగా. ఇటు ఎక్కువ."

"ఇటు పది ఉంది సార్. పది ఎక్కువంటే వయసు తక్కువ."

"నేనూ అదే అన్నాను."

"మీరు ఎక్కువన్నారు సార్."

"నువ్వు తక్కువ మాట్లాడు."

కాకి ఎప్పుడూ పెద్ద ముద్ద వైపే నోరు తెరుస్తుందని భూతద్దానికి మూడో తరగతిలో, పెంకుటింటి బడిలో, చెవి మెలిపెట్టి మరీ చెప్పారు. వీళ్ళ చెవులు ఎవరూ ముట్టుకోలేదు కాబోలు. ఆయన తెర దగ్గరికి వెళ్ళి, "పిల్లల వయసు" అన్న మాట మీద వేలు పెట్టి ఆగాడు. "తర్వాత?"

"పది రోజులైతే ఐదు చుక్కలు. కామా" అని చదివాడు తళతళ.

వేలు కదల్లేదు.

"ఎక్కువ... పది రోజులైతే ముప్ఫై చుక్కలు."

వేలు అప్పుడు కదిలింది. గొంతు ఎంతసేపు వేలుని వదిలేసి ఒంటరిగా నడిచిందో ముగ్గురికీ తెలిసింది.

"చీపురు తప్పేం లేదు. ముక్కుల మధ్య ఉన్నది ఊడ్చమన్నాం, ఊడ్చింది" అన్నాడు ఎక్స్‌పర్టు, చేతులు మొదటిసారి జేబుల్లో పెట్టుకుని.

తళతళ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. "సరే, సోమవారం మీటింగులో పెడదాం. ఇప్పుడు హఠాత్తుగా పేజీ తీసేస్తే చూసేవాళ్ళేమనుకుంటారు? ఇంతవరకూ ఒక్క ఫిర్యాదైనా వచ్చిందా?"

"కోడిపిల్లల దగ్గర ఫోన్లు లేవు బాబూ. సోమవారానికి అవి మీటింగుకొచ్చే స్థితిలో ఉండవు."

అప్పుడే తలుపు తెరుచుకుని ఫోనమ్మ తొంగి చూసింది. "ఎవరో షెడ్డాయన, సార్. ఆయన మధ్యాహ్నమే నీళ్ళు పెట్టేశాట్ట. పిల్లలు తలలు వాల్చేస్తున్నాయంట. ఏం చెయ్యమంటారని అడుగుతున్నాడు."

తళతళ నోట్లోంచి, అలవాటు కొద్దీ, ఈ మాట వచ్చింది: "మన పేజీ చూసుకోమను."

"చూసే పెట్టాడండీ."

తళతళ కుర్చీలో కూర్చుని, తుడిచిన బల్లని మళ్ళీ అరచేత్తో తుడవడం మొదలుపెట్టాడు. భూతద్దం బయటికొచ్చి ఫోనందుకున్నాడు. "అయ్యా, ఆ నీళ్ళు మొత్తం పారబోసి మంచినీళ్ళు పెట్టండి. తప్పు మాది. మీరు చదవడంలో ఏ తప్పూ లేదు" అన్నాడు. అవతలి మనిషి తిట్టాడు. చాలాసేపు తిట్టాడు. భూతద్దం మధ్యలో ఒక్క మాటా దిద్దలేదు.

అప్పటికి మూడున్నర. ఎక్స్‌పర్టు కంప్యూటరు ముందు తల పట్టుకున్నాడు. "కాకిముక్కులు మళ్ళీ పెడితే చీపురు మళ్ళీ ఊడుస్తుంది. చీపురు తీసేస్తే ఆంప్‌లు తిరిగొస్తాయి. మూడు బల్లల్లో ఏ వేషం ఎక్కడ పడుతోందో తేలాలంటే రెండు రోజులు కావాలి."

"అంటే నువ్వు పదిహేను రోజుల కిందట చెయ్యాల్సిన పని."

ఎక్స్‌పర్టు ఈసారి అంకుల్ అనలేదు.

భూతద్దానికి ఒక నియమం ఉంది. దిద్దేవాడు తప్పు దిద్దాలి గానీ, రాసినవాడి మాట మార్చకూడదు. కాకిముక్కు రాశారు, కాకిముక్కే ఉండాలి. అది వంకరపోకుండా నలభై ఏళ్ళు కాపలా కాశాడు. ఆ కాపలా ఎవరికి పనికొచ్చిందయ్యా అంటే, సొంత చెల్లెలికే పనికిరాలేదు. పక్క గదిలో కూర్చున్న యజమానికే పనికిరాలేదు. ఆయన ఒక తెల్లకాగితం తీసుకుని, ఎర్ర పెన్సిలు పక్కన పడేసి, పెన్నుతో రాశాడు: పది రోజుల లోపు పిల్లలకి బకెట్టు నీటికి ఐదు చుక్కలు. పది రోజులు దాటిన పిల్లలకి ముప్ఫై చుక్కలు. ఇందులో వేషం వెయ్యాల్సిన గుర్తు ఒక్కటీ లేదు. ఏ చీపురుకీ దొరకదు.

ఫోనమ్మ గట్టిగా చదివి, ఆగింది. "మరి సరిగ్గా పదో రోజు ఎన్ని బాబాయ్ గారూ?"

భూతద్దం నోరెళ్ళబెట్టాడు. పాత కాగితం తీసి చూశాడు. తక్కువ ఉంది, ఎక్కువ ఉంది, పదో రోజు ఎక్కడా లేదు. నూరుసార్లు దిద్దిన కాగితం! ప్రతి కామా గోళ్ళు లెక్కపెట్టిన పెద్దమనిషికి, మధ్యలో ఒక రోజుకి రోజే మాయమైన సంగతి ఏనాడూ కనపడలేదు. ఎదుటివాళ్ళు చదవకుండా చూస్తారని ఎంత ఎగతాళి చేశాడు! తను మాత్రం చేసిందేమిటి?

మందు కనిపెట్టిన డాక్టరుకి ఫోన్ చేశారు. "ఆ రోజు కూడా ఐదే. ఇన్నేళ్ళ నుంచీ ఒక్కరూ అడగలేదేం?" అన్నాడాయన. భూతద్దం "పది రోజుల లోపు" కొట్టేసి "పదో రోజు వరకు" అని రాశాడు, "పది రోజులు దాటిన" కొట్టేసి "పదకొండో రోజు నుంచి" అని రాశాడు. నాలుగు కాకుండానే పేజీలో ఆ రెండు వాక్యాలు పడ్డాయి. ఫోనమ్మ చదివింది, ఆయన వేలు నడిపాడు, ఎక్కడా విడిపోలేదు.

తర్వాత ఇద్దరూ రెండు ఫోన్లు పట్టుకుని, ఈ పదిహేను రోజుల్లో మందు కొన్న షెడ్లన్నిటికీ వరసగా చెప్పారు. కొంతమంది ఇంకా కలపలేదు. కొంతమంది కలిపి ఉంచారు. ఒకావిడ తనకి పేజీ మీద నమ్మకం లేక పాత కాగితమే గోడకి అంటించుకున్నానంది, ఆవిడకి భూతద్దం మనసులోనే దండం పెట్టాడు. మధ్యాహ్నమే నీళ్ళు పెట్టేసిన షెడ్డాయన దగ్గర మాత్రం మర్నాటి పొద్దుటికి నూట నలభై పిల్లలు పోయాయి.

తళతళ ఆ షెడ్డాయన కోసం ఒక ఉత్తరం తయారు చేయించాడు. సాంకేతిక కారణాల వల్ల కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామని, అందంగా, అంచులు కూడా ఒకే గీతలో ఉండేలా టైపు చేయించి ప్రూఫుకి పంపాడు. భూతద్దం చదివి, ఎర్ర పెన్సిలుతో మొత్తాన్ని అడ్డంగా కొట్టేసి, కింద రెండు ముక్కలు రాశాడు. మీ పిల్లలు మా తప్పు వల్ల చనిపోయాయి. ఆ తప్పు కనిపెట్టాల్సిన మనిషి పద్నాలుగు రోజులు అలిగి కూర్చున్నాడు.

"ఇలా ఎవరైనా రాస్తారా? కంపెనీ పరువేం కావాలి?" అని తళతళ గుమ్మంలోకొచ్చి అరిచాడు.

"కంపెనీ మాట మీరు రాసుకోండి బాబూ. రెండో ముక్క నాది, అది నేనే తీసుకెళ్ళి ఇస్తా" అని ఆయన కాగితం జేబులో పెట్టుకున్నాడు. ఆ సాయంత్రమే బస్సెక్కి వెళ్ళి ఇచ్చొచ్చాడు. అక్కడేం జరిగిందో ఫోనమ్మ ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. టీ ఇచ్చారని మాత్రం అన్నాడు.

ఆ రోజు మధ్యాహ్నమే, బస్సెక్కే ముందు, చెల్లెలు ఫోన్ చేసింది. వెనక రెండు వేల గొంతుల కిచకిచ వినిపిస్తోంది.

"అన్నయ్యా, ఇవాళ పదో రోజు. ఎన్ని చుక్కలు?"

"పేజీలో రాశాంగా. ముక్కులూ మూతులూ లేకుండా మాటల్లోనే ఉంది, చూసుకో."

"చూశాను. ఐదని ఉంది."

"మరి ఇంకేం?"

"ఏం లేదు. పేజీ మరీ శుభ్రంగా ఉంది. అందుకే అడుగుతున్నా."